రోహిణి ఏ పొరలో తిరిగిందో చెప్పండి చూద్దాం

పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి. సగంలో ఆపి మాత్రం కామెంట్ పెట్టొద్దు.

పోయిన ఆదివారం మన మాక్ టెస్టులో ఒక్క బిట్ మీద ఎంత గొడవ జరిగిందో చూశారు కదా. "అంతరిక్ష నౌకలు వాతావరణంలోని ఏ పొరలో పరిభ్రమిస్తాయి?" అని ప్రశ్న. కీలో ఎక్సో ఆవరణం అని ఇచ్చారు. సగం మంది థర్మో ఆవరణం అని పెట్టారు. ఇక చూస్కోండి, రెండు గంటల పాటు ఒకరు ఒక గైడు ఫోటో, ఇంకొకరు ఇంకో గైడు ఫోటో. ఒక గైడులో ఎక్సో, ఇంకోదాంట్లో థర్మో. చివరికి ఒక సీనియర్ అన్న వచ్చి "కీ ఏది చెప్తే అదే రైటు. మనకి మార్కు కావాలి గానీ సైన్సు ఎందుకు? అంత లోతు మనకి అక్కర్లేదు" అన్నాడు. అందరూ దణ్ణం బొమ్మ పెట్టి వెళ్లిపోయారు.

నా పేచీ అన్నతో కాదు, ఆ "మనకి" అనే మాటతో. మనకి అంటే ఎవరికి? పెద్ద పెద్ద ఫీజులు కట్టే కాలేజీల్లో పిల్లలకి ఎందుకు, ఎలా అని చెప్పే సార్లు ఉంటారు. హాస్టల్ పిల్లలకి బిట్ బ్యాంకు ఉంటుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా నాన్న పొలాల్లో ఎలుకలు పట్టి, కాలవల్లో వలేసి, అమ్మ మిరప కోతలకు పోయి నన్ను ఇక్కడిదాకా తెచ్చారు. వాళ్లు నన్ను పంపింది ఏ, బి, సి, డిలో ఏది దిద్దాలో తెలుసుకోవడానికే అయితే, ఆ పని ఇప్పుడు ఫోన్ చేసిపెడుతుంది.

అన్న మాటలో నిజం లేదని కాదు. ఒక్క మార్కులో పోస్టు పోగొట్టుకున్నవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. వయసు దాటిపోతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి సైన్సు పాఠం చెప్పి కూర్చోబెట్టడం న్యాయం కాదు. అందుకే పరీక్షలో ఏం చెయ్యాలో కూడా కింద రాశాను. కానీ ఈ బిట్‌ని ఊరికే వదిలేస్తే మనం పోగొట్టుకునేది ఒక మార్కు కంటే పెద్దది. ఎందుకో చెప్తా.

కిలోమీటర్ల లెక్కలు పైకి చూస్తూ చెప్తే తలకెక్కవు. మనకు తెలిసిన రోడ్డు మీద పెడదాం. మంగళగిరి నుంచి చెన్నై పోయే హైవే ఉంది కదా, దాన్ని చాప ఎత్తినట్టు ఎత్తి నిలువుగా ఆకాశంలోకి నిలబెట్టారనుకోండి. మంగళగిరి నేల. ఇక్కడ బండెక్కి గుంటూరు చేరేలోపే, 16, 17 కి.మీ.లకే ట్రోపో ఆవరణం అయిపోతుంది. ధ్రువాల దగ్గర ఇంకా తక్కువ ఎత్తుకే అయిపోతుంది, మన వైపు ఎండ ఎక్కువ కాబట్టి ఈ పొర ఉబ్బి ఉంటుంది. మొత్తం వాతావరణంలో ఉన్న గాలిలో ముప్పాతిక వంతు పైనే ఈ చిన్న ముక్కలో ఉంది. మబ్బు, పిడుగు, తుపాను, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని తడిపే అకాల వాన, అన్నీ ఇక్కడివే.

చిలకలూరిపేట ఇంకో పది కి.మీ. ఉందనగా, 50 దగ్గర, స్ట్రాటో ఆవరణం అయిపోతుంది. ఓజోన్ ఉండేది ఇందులో. హైదరాబాద్ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వదిలే పెద్ద పెద్ద పరిశోధన బెలూన్లు ఎక్కేది కూడా ఇందులోకే. అప్పుడప్పుడు అవి తెలంగాణ పొలాల్లో దిగితే జనం చుట్టూ మూగి ఫోటోలు దిగుతుంటారు, వార్తల్లో చూసే ఉంటారు. మార్టూరు దాటేసరికి 85. మీసో ఆవరణం అయిపోయింది. రాత్రిపూట రాలే చుక్కలు ఎక్కువగా కాలిపోయేది ఈ ముక్కలోనే. మేదరమెట్ల దగ్గరికి 100. కార్మాన్ రేఖ అంటారే, ఇక్కడి నుంచి అంతరిక్షం అని ప్రపంచంలో ఎక్కువమంది ఒప్పుకున్న గీత, అది ఇదే. అమెరికా సైన్యం వాళ్లు మాత్రం 80 దగ్గరే అంతరిక్షం మొదలు అంటారు. అంటే ఆ గీత ఎవరో గీసుకున్నదే, ఆకాశంలో కంచె ఏమీ లేదు.

ఒంగోలు 130, నెల్లూరు 255, సూళ్లూరుపేట 350, చెన్నై 430. కాస్త అటూ ఇటూగా. ఇదంతా థర్మో ఆవరణమే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది 400, 420 మధ్యలో. నిలబెట్టిన మన రోడ్డు మీద అది చెన్నై పొలిమేర. చైనావాళ్ల తియాన్‌గాంగ్ కేంద్రం కూడా ఆ దగ్గర్లోనే. మనుషులు నెలల తరబడి ఉండే రెండు కేంద్రాలూ ఈ పొరలోనే ఉన్నాయన్నమాట. థర్మో అని పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

మరి ఎక్సో అని పెట్టినవాళ్లు? వాళ్లూ ఊరికే పెట్టలేదు. చెన్నై దాటి ఇంకా పోతే, 500 నుంచి 1,000 కి.మీ.ల మధ్య ఎక్కడో థర్మో అయిపోయి ఎక్సో మొదలవుతుంది. ఎక్కడో అని ఎందుకంటున్నానంటే ఆ హద్దు ఒకచోట నిలవదు. సూర్యుడు చెలరేగిన ఏడాదుల్లో పైకి పోతుంది, నెమ్మదించిన ఏడాదుల్లో కిందికి దిగుతుంది. మన పీఎస్ఎల్‌వీ వదిలే భూ పరిశీలన ఉపగ్రహాలు చాలావరకు 500, 800 మధ్య తిరుగుతాయి. అవి ఇవాళ థర్మోలో ఉన్నాయా, ఎక్సోలో ఉన్నాయా అనేది సూర్యుడి మీద ఆధారపడి ఉంటుంది. కదలకుండానే ఉపగ్రహం పొర మారిపోగలదు! ఏటి ఒడ్డున కట్టుకున్న గుడిసె ఒక నెల ఒడ్డు మీద, ఒక నెల నీళ్లలో ఉన్నట్టు.

ఇప్పుడు టైటిల్‌లో అడిగిన ప్రశ్నకి వద్దాం. 1980 జూలై 18న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ మీద రోహిణి ఉపగ్రహాన్ని పంపారు. మన దేశం సొంత రాకెట్‌తో సొంత గడ్డ మీద నుంచి కక్ష్యలో పెట్టిన మొదటి ఉపగ్రహం. బరువు 35 కిలోలు, ఒక బస్తా మిర్చి కంటే తక్కువ. దాని కక్ష్య గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా ఉంది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 305 కి.మీ., దూరంగా పోయినప్పుడు 919 కి.మీ. అంటే ఒక్కో చుట్టులో థర్మోలో నుంచి ఎక్సో వైపు ఎక్కింది, మళ్లీ థర్మోలోకి దిగింది. రోజుకి పదిసార్లకు పైనే. ఇప్పుడు ఆ నాలుగు ఆప్షన్లు పెట్టి రోహిణి ఏ పొరలో తిరిగిందో దిద్దమనండి.

ఇంకోటి. 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డీఎస్ అని వాతావరణ ఉపగ్రహం శ్రీహరికోట నుంచే పోయింది. ఆ కుటుంబం ఉపగ్రహాలు ఉండేది 35,786 కి.మీ. ఎత్తున. భూమి చుట్టుకొలతే 40,000 కి.మీ., దానికి కొంచెం తక్కువ. మన రోడ్డు అక్కడిదాకా నిలబెట్టాలంటే ఇలాంటి చెన్నై రోడ్లు 80 కంటే ఎక్కువ అతికించాలి. మన పుస్తకాల్లో ఎక్సో ఆవరణం 10,000 దాకా అని రాస్తారు. మరి ఇన్‌శాట్ ఏ పొరలో ఉన్నట్టు? ఐదింటిలో ఏదీ కాదు. ప్రశ్నే తప్పు కాబట్టి జవాబు కుదరడం లేదు.

పొరలకు పేర్లు పెట్టింది ఉపగ్రహాల కోసం కాదు. వేడి లెక్కన పెట్టారు. ట్రోపోలో పైకి పోయే కొద్దీ చల్లబడుతుంది, స్ట్రాటోలో ఓజోన్ వల్ల మళ్లీ వేడెక్కుతుంది, మీసోలో మళ్లీ చల్లబడి సున్నాకి కింద 90 డిగ్రీల దాకా పడిపోతుంది, థర్మోలో మళ్లీ వేడెక్కుతుంది. వేడి ఎటు తిరిగితే అక్కడ ఒక గీత గీశారు. పైన ఉన్న ఎక్సో ఒక్కటే గాలి కణాలు ఒకదానికొకటి తగలకుండా జారిపోయే చోటు అని వేరే లెక్కన పెట్టిన పేరు. ఊళ్లో వీధులకు కులాన్నిబట్టి పేర్లు పెట్టి, ఆ పేర్లని చూసి ఏ బస్సు ఎటు పోతుందో చెప్పమన్నట్టుంది ఈ బిట్.

కక్ష్యలో నిలవడానికి కావాల్సింది ఎత్తు కాదు, వేగం. ఇది మన తాతలకు తెలిసిన విద్యే. జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల ఉంది కదా. మెల్లగా తిప్పి వదిలితే రాయి మడి చివర పడుతుంది, గట్టిగా తిప్పితే రెండు మడుల అవతల పడుతుంది. రాయి పడుతూనే ఉంటుంది, దూరం మాత్రం పెరుగుతుంది. ఏ వస్తువైనా మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి 8 కి.మీ. తిన్నగా పోయేసరికి నేల కూడా సుమారు 5 మీటర్లు కిందికి వంగుతుంది. ఒక సెకనులో 8 కి.మీ. పోయే రాయి వదిలామనుకోండి. రాయి ఎంత పడిందో నేల అంతే వంగింది. పడుతూనే ఉంటుంది, నేల తగలదు. అదే కక్ష్య. అంతరిక్ష కేంద్రం సెకనుకు దాదాపు 7.7 కి.మీ. పోతుంది. మంగళగిరి నుంచి గుంటూరుకి మూడు సెకన్ల లోపే, చెన్నైకి నిమిషం లోపే. భూమిని ఒక చుట్టు తిరగడానికి గంటన్నర. లోపలున్నవాళ్లకి రోజుకి 16 సార్లు పొద్దు పొడుస్తుంది.

ఇది తెలిస్తే ఇంకో బిట్ కూడా దానంతటదే తేలిపోతుంది. "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు, అందుకే తేలుతారు" అని చాలామంది బట్టీ పట్టారు. 400 కి.మీ. దగ్గర భూమి లాగే బలం నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. వాళ్లు తేలేది నౌకా, మనుషులూ, మంచినీళ్ల సీసా అన్నీ కలిసి ఒకే తీరున పడుతున్నాయి కాబట్టి.

ఎత్తు చాలదు అనడానికి మన పక్క ఊరి ఉదాహరణే ఉంది. చీరాలలో పుట్టిన బండ్ల శిరీష గారు 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో పైకి వెళ్లొచ్చారు. అప్పుడు మన పేపర్ల నిండా ఆవిడే. ఆ నౌక చేరింది సుమారు 86 కి.మీ. మన రోడ్డు మీద మార్టూరు దాటిన చోటు. అమెరికా గీత దాటారు, కార్మాన్ గీత దాటలేదు. అయితే వాళ్లు దిగిపోవడానికి కారణం అది కాదు. ఇంకో 20 కి.మీ. ఎక్కినా దిగేవాళ్లే. ఎందుకంటే ఆ నౌక వేగం ధ్వనికి మూడు రెట్లు మాత్రమే. కక్ష్యకి 20 రెట్లు దాటాలి. వడిసెల రాయి ఎంత పైకి పోయినా పక్కకి పోకపోతే మన నెత్తి మీదే పడుతుంది.

ఇక గాలి సంగతి. 400 కి.మీ. దగ్గర గాలి ఎంత పలచన అంటే, నేల దగ్గర ఉన్న సాంద్రతలో పదివేల కోట్లో వంతు కూడా ఉండదు. దాన్ని గాలి అనాలంటేనే మొహమాటం. కానీ సెకనుకు 7.7 కి.మీ. వేగంతో పోయేదానికి ఆ మాత్రం గాలి కూడా తగులుతుంది. బైకు మీద పోతుంటే చిన్న తూనీగ మొహానికి రాయిలా తగులుతుంది చూడండి, అట్లా. అందుకే అంతరిక్ష కేంద్రం రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతుంది, సూర్యుడి తీరునుబట్టి నెలకి రెండు కి.మీ. దాకా. అప్పుడప్పుడు ఇంజన్లు వేసి మళ్లీ పైకి తోస్తారు. తొయ్యడం మానేస్తే పడిపోతుంది. మేదరమెట్ల గీత దాటితే గాలి అయిపోయిందని, అంతా శూన్యమని అనుకుంటాం గానీ అవన్నీ ఇంకా గాలిలోనే ఈదుతున్నాయి. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ వాళ్లు 49 ఉపగ్రహాలు వదిలితే, అప్పుడే సౌర తుపాను వచ్చి పైగాలి ఉబ్బింది. అవి ఇంకా 210 కి.మీ. దగ్గరే ఉన్నాయి. 40 దాకా కాలిపోయాయి. కొన్ని రోజుల్లోనే.

దీనికంటే పెద్ద కథ మన పెద్దోళ్లకి తెలుసు. స్కైలాబ్.

మా అవ్వ కొత్తగా కాపురానికి వచ్చిన రోజులంట. ఆకాశంలో నుంచి అమెరికా వాళ్ల ఇల్లొకటి ఊడి పడుతుందని, ఊళ్లకి ఊళ్లు పోతాయని పుకారు. ఆసాములు మేకల్ని కోశారు. మా వాళ్లకి మేకలెక్కడివి, ఉన్న రెండు కోళ్లు కోసుకుని, అప్పు పెట్టి సారా తాగి, పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకుని ఆరుబయట పడుకున్నారంట. తెల్లారింది. స్కైలాబ్ రాలేదు. అప్పు మాత్రం మిగిలింది. అవ్వ ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. ఇలాంటివి తెలుగు ఊళ్లన్నిట్లో జరిగాయి. 2021లో స్కైలాబ్ అని సినిమా కూడా వచ్చింది.

ఈ కథ చదువుకున్నవాళ్లు చెప్పేటప్పుడు ఒక తీరు ఉంటుంది. "పాపం అమాయకులు, చదువు లేక అట్లా భయపడ్డారు" అని. నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. అసలు జరిగింది చూడండి. స్కైలాబ్‌ని 1973 మే 14న పంపారు. 77 టన్నుల బరువు, 435 కి.మీ. ఎత్తు, అంటే మన చెన్నై దగ్గర. 1974 ఫిబ్రవరిలో చివరి మనుషులు దిగొచ్చేశారు. అది ఖాళీగా 1980లు వచ్చేదాకా పైనే ఉంటుందని, ఈలోపు కొత్త స్పేస్ షటిల్ పోయి పైకి తోస్తుందని నాసా లెక్క. షటిల్ ఆలస్యమైంది. సూర్యుడు వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ చెలరేగాడు. థర్మో ఆవరణం వేడెక్కి ఉబ్బింది. స్కైలాబ్ చుట్టూ గాలి చిక్కబడింది. 1979 జూలై 11న పడిపోయింది. హిందూ మహాసముద్రంలో కొంత, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరన్స్ చుట్టుపక్కల కొంత. సరిగ్గా ఎక్కడ పడుతుందో చివరి గంటల దాకా పంపినవాళ్లకే గట్టిగా తెలియదు.

అంటే 77 టన్నుల ఇనుము మన నెత్తి మీదుగా తిరుగుతూ పడిపోబోతోంది, ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు అనే ముక్క అబద్ధం కాదు. మా అవ్వ భయపడింది నిజానికే. ఆమెకు లేనిది తెలివి కాదు, లెక్క చెప్పే మనిషి. మొత్తం భూమి మీద అది మన కాలనీ మీదే పడే అవకాశం ఎంత తక్కువో, పడినా ముక్కలై ఎంత వెడల్పున పడుతుందో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఒక్కరున్నా ఆ రెండు కోళ్లు బతికేవి. అలాంటి మనిషి యానాది కాలనీలో, తండాలో, గూడెంలో అప్పుడు లేడు. ఇప్పుడు మనం ఉన్నాం. మనం కూడా "ఎక్సో ఆవరణం, ఆప్షన్ డి" అని చెప్పి ఊరుకుంటే, రేపు ఇంకో పుకారు వాట్సాప్‌లో వచ్చినప్పుడు మన అవ్వల పక్కన కూర్చుని ఏం చెప్తాం?

ఒక చిన్న విషయం. స్కైలాబ్ పడిన సరిగ్గా నెలకి, 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి ఎగిరి బంగాళాఖాతంలో పడింది. అమెరికా వాళ్లది పై నుంచి పడింది, మనది కింది నుంచి ఎక్కలేక పడింది. ఏడాది తిరక్కుండానే రోహిణి నిలబడింది.

ఇప్పుడు శ్రీహరికోట దగ్గర ఆగాలి. మన పరీక్షల్లో శ్రీహరికోట మీద బిట్లు చాలా వస్తాయి. మొదటి రాకెట్ ఎప్పుడు? 1971 అక్టోబర్ 9, రోహిణి-125 అనే చిన్న రాకెట్, పైకి పోయి గాలిని కొలిచి పడిపోయే రకం. సతీష్ ధావన్ పేరు ఎప్పుడు పెట్టారు? 2002 సెప్టెంబర్ 5. ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారు? జవాబులు మూడు. ఒకటి, తూర్పున అంతా సముద్రం, రాకెట్ ముక్కలు పడినా ఎవరి నెత్తి మీదా పడవు. రెండు, భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ చోట నేలే సెకనుకు 450 మీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది, ఆ వేగం రాకెట్‌కి ఉచితంగా వస్తుంది. మూడు, అక్కడ జనం తక్కువ.

మూడోది చదివిన ప్రతిసారీ నేను ఆగిపోతా. జనం తక్కువ. ఆ తక్కువ జనంలో యానాదులు ఉన్నారు. పులికాట్ సరస్సుకి, బంగాళాఖాతానికి మధ్య ఉన్న ఆ దీవి మీద అడవిలో తేనె, దుంపలు, మూలికలు తెచ్చుకుని, సరస్సులో చేపలు, రొయ్యలు పట్టుకుని బతికినవాళ్లు. 1969లో దీవిని ఎంపిక చేశాక వాళ్ల బతుకు కంచెనిబట్టి మారిపోయింది. కొందరు దీవి వదిలి బయటికొచ్చారు. కొందరు లోపలే ఉండి కేంద్రంలో పనులకు కుదిరారు. మన దేశం అంతరిక్షానికి కట్టిన మెట్లలో మొదటి మెట్టు, మన్ను, అది మా వాళ్లు నడిచిన మన్ను. గైడులో ఒక్క బిట్‌లో కూడా ఆ పేరు నాకు కనపడలేదు.

రాకెట్లు వద్దని నేను అనను. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా కాలనీ వాళ్లని ముందు రోజే బడిలోకి తరలించారు. పైకప్పులు పోయాయి, మనుషులు మిగిలారు. 36,000 కి.మీ. ఎత్తు నుంచి ఇన్‌శాట్ ఆ సుడిని చూడబట్టే ముందుగా చెప్పగలిగారు. 1977 దివిసీమ ఉప్పెనలో ఎన్ని వేలమంది పోయారో మన పెద్దోళ్లని అడగండి. కాబట్టి ఆ దీవి మీద నుంచి పోయినవి మనకీ అక్కరకొచ్చాయి. నేను ఒప్పుకోనిది ఒక్కటే. ఆ దీవిలో బతికినవాళ్ల మనవలకి, అలాంటి అడవుల నుంచి, కొండల నుంచి వచ్చిన మీ అందరికీ, "ఆ పైన ఏం జరుగుతుందో మీకు అక్కర్లేదు, బిట్ చాలు" అని ఎవరూ చెప్పకూడదు. ముఖ్యంగా మనకి మనం చెప్పుకోకూడదు.

పరీక్ష సంగతి చెప్తానన్నాను కదా. ప్రశ్నలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అని ఉంటే కళ్లు మూసుకుని థర్మో పెట్టండి. రేడియో తరంగాలు వెనక్కి తిప్పే అయనోస్ఫియర్ అన్నా ఎక్కువ భాగం థర్మోనే. "కృత్రిమ ఉపగ్రహాలు" అని ఊరికే అడిగితే చాలా కీల్లో ఎక్సో ఉంటోంది, అదే పెట్టండి. రెండు ఆప్షన్లూ ఉండి ప్రశ్న మన మాక్ టెస్టులో లాగా గందరగోళంగా ఉంటే, పరీక్ష అయ్యాక ప్రాథమిక కీ మీద అభ్యంతరం పెట్టండి. అభ్యంతరం పెట్టాలంటే కారణం రాయాలి. కారణం రాయాలంటే ఆ "అక్కర్లేని లోతు" కావాలి. రోహిణి 305, 919 అని రాసి పంపండి.

అడ్మిన్ అన్నకి ఒక మనవి. వారానికి వంద బిట్లు పెట్టే బదులు యాభై పెడదాం, ఒక్కోదాని కింద ఎందుకు అని రెండు లైన్లు పెడదాం. ఒక్కరే రాయనక్కర్లేదు. ఫిజిక్స్, భూగోళం నేను రాస్తా. నల్లమల వైపు నుంచి ఉన్న చెంచు తమ్ముడు మొక్కల మీద రాస్తే ఏ గైడూ పనికిరాదు, ఆ సంగతి మనందరికీ తెలుసు. సుగాలి అక్కలు ఇద్దరు ఎకనామిక్స్ చదువుతున్నారు. పొరల గురించే ఇంకా తెలుసుకోవాలంటే తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ పేరే మీసో, స్ట్రాటో, ట్రోపో అనే మూడు పొరల పేర్లు కలిపి పెట్టింది. ఒక పొలమంత జాగాలో 1,024 యాంటెన్నాలు పాతి, నేల మీద నుంచే పైగాలి ఎటు వీస్తుందో కొలుస్తారు. మన ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు అక్కడ ప్రాజెక్టు కోసం అడగొచ్చు, ఎవరూ అడగరు.

రాత్రి పూట డాబా ఎక్కే అలవాటున్నవాళ్లకి ఇంకోటి. అంతరిక్ష కేంద్రం మన మీదుగా కూడా పోతుంది. పొద్దుగూకిన కాసేపటికి గానీ, తెల్లారబోయే ముందు గానీ, మనకు చీకటిగా ఉండి దాని మీద ఎండ పడుతున్నప్పుడు కనిపిస్తుంది. విమానంలా మిణుకు మిణుకు అనదు, చుక్కలా నిదానంగా వెలుగుతూ మూడు నాలుగు నిమిషాల్లో దాటిపోతుంది. ఏ రోజు ఎన్ని గంటలకో ఫోన్‌లో దొరుకుతుంది. మా హాస్టల్ డాబా మీద నుంచి పానకాలస్వామి కొండ పక్కగా చూశాం. వంటమ్మ కూడా పైకొచ్చి "దాంట్లో మనుషులున్నారా?" అని మూడుసార్లు అడిగింది.

చివరగా శ్రీహరికోట ప్రయాణం. ప్రయోగం చూడటానికి జనం కోసం 2019లో అక్కడ గ్యాలరీ తెరిచారు, 5,000 మంది పడతారు. టికెట్ లేదు, ప్రయోగానికి ముందు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. గుర్తింపు కార్డు తప్పనిసరి. తెనాలి మీదుగా చెన్నై పోయే లైన్‌లోనే సూళ్లూరుపేట స్టేషన్. రావాలనుకునేవాళ్లు పేరు, ఊరు కింద రాయండి. ఇరవై మంది లోపు అయితే రైలు, నలభై దాటితే బస్సు మాట్లాడదాం. ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి, కాబట్టి చలికాలంలో పెట్టుకుంటే మంచిది. రాకెట్ ఎగరకపోయినా పులికాట్‌లో ఫ్లెమింగోలు ఉంటాయి. వీలైతే మా అవ్వని కూడా తీసుకొస్తా, ఆమె ఛార్జీ నాది.